కెమెరా మార్చే ముందు అద్దం చూడండి

సంపాదకులకు నమస్కారం.

కారు ముందద్దానికి లోపలివైపు, రేర్‌వ్యూ మిర్రర్ వెనక బిగించి ఉండే చిన్న కెమెరా ఈ నాలుగైదేళ్లలో మన ఊళ్లలోకి బాగా వచ్చేసింది. 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ700 దాన్ని ఇరవై లక్షల లోపు కార్లలోకి తెచ్చాయి. తర్వాత హ్యుందాయ్ వెర్నా, కియా సెల్టోస్, టాటా హారియర్ అందుకున్నాయి. 2024 చివరికి హోండా అమేజ్ లాంటి చిన్న సెడాన్‌లోనూ వచ్చింది. లేన్ దాటుతుంటే స్టీరింగ్ సరిచేయడం, ముందు బండి మరీ దగ్గరైతే బ్రేకు వేయడం, ఎదురుగా బండి వస్తే హైబీమ్ దించడం ఇవన్నీ ఆ కెమెరా చూపు మీదే నడుస్తాయి.

అమ్మేటప్పుడు ఈ సదుపాయాల గురించి ఎంతో వివరంగా చెబుతారు. మీటర్‌లో పసుపు లైటు వెలిగిన రోజు ఏం చూడాలో మాత్రం యజమానికి ఎవరూ చెప్పరు. 'కెమెరా పోయింది, మార్చాలి' అన్న మాట చాలా తొందరగా వచ్చేస్తోంది. నిజానికి కెమెరా తనంతట తాను చెడిపోవడం తక్కువ. దాని ముందున్న అద్దం, దానికి అందే కరెంటు, దానికి సమాచారం పంపే ఇతర సెన్సర్లు, క్యాలిబ్రేషన్ (కెమెరా చూపును ఆ బండికి కచ్చితంగా సరిపెట్టడం)... లోపం ఎక్కువగా ఈ నాలుగింటిలోనే ఉంటుంది. వెతకడం కూడా ఈ వరుసలోనే జరగాలి. మొదటి మెట్లకు దాదాపు ఖర్చే ఉండదు, చివరికి కెమెరా మార్చే దాకా వెళ్తే వేలకు వేలు అవుతాయి.

ముందుగా మీటర్‌లో వచ్చిన మాటను పూర్తిగా చదవాలి, వీలైతే ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. 'తాత్కాలికంగా పనిచేయదు', 'కెమెరాకు అడ్డు ఉంది' అని వస్తే కెమెరా బాగానే ఉంది, దానికి కనబడటం లేదని అర్థం. 'సిస్టమ్‌లో లోపం, సర్వీసు చేయించండి' అని వచ్చి, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా పోకపోతే అప్పుడు స్కానర్ (బండిలో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టాలి. ఏ వేళలో వచ్చింది, సూర్యుడు ఎటున్నాడు, వర్షమా మంచా, స్టార్ట్ చేయగానే వచ్చిందా లేక గంట నడిచాకా అన్నవి రాసిపెట్టుకుంటే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. రోజూ సాయంత్రం పడమటి దిక్కుగా వెళ్లేటప్పుడు మాత్రమే వచ్చి, మలుపు తిరగగానే పోయే హెచ్చరికకు ఏ పార్టూ మార్చనక్కర్లేదు. అది ఎండ నేరుగా లెన్సులో పడటం.

ఇక అద్దం సంగతి. బయట నిలబడి మిర్రర్ వెనక భాగం చూస్తే నల్లటి చుక్కల అంచు మధ్యలో చిన్న గరాటు ఆకారంలో ఖాళీ కనిపిస్తుంది. కెమెరా లోకాన్ని చూసేది ఆ కిటికీలోంచే. అరచేతిలో పట్టేంత ఆ జాగా శుభ్రంగా లేకపోతే మిగతా అద్దం ఎంత మెరిసినా లాభం లేదు. మన దగ్గర అక్కడ ఏమేం చేరతాయో చెప్పుకోవాలి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. అద్దం మధ్యలో, మిర్రర్ వెనక అతికించాలన్న సూచన కెమెరాలు లేని కార్లకు సరిపోయింది. అదే అలవాటుతో ట్యాగు అంచును కెమెరా కిటికీ మీదికి ఎక్కించేసిన బండ్లు ఎన్నో. ట్యాగులో లోహపు యాంటెనా ఉంటుంది, అది వెలుతురును పూర్తిగా ఆపేస్తుంది. ట్యాగును నల్ల చుక్కల పట్టీకి, కెమెరా పెట్టెకు పక్కగా, కారు మాన్యువల్‌లో చూపిన చోట అతికించాలి. పీకి మళ్లీ అతికిస్తే ట్యాగు పనిచేయకుండా పోతుంది కాబట్టి మొదటిసారే చూసుకోవడం మేలు.

రెండోది వాహన పూజ. పసుపు, కుంకుమ, గంధం అద్దం మీద పెట్టినప్పుడు వైపర్ ఆడితే ఆ జిడ్డు పల్చటి పొరగా కిటికీ అంతా పరుచుకుంటుంది. పగలు కంటికి తెలియదు. రాత్రి ఎదురు లైట్లు పడగానే ఆ పొర మెరిసి, కెమెరాకు తెల్లటి మసక తప్ప ఏమీ కనబడదు. బొట్టు బానెట్ మీదో, అద్దం కింది మూలనో పెడితే సరిపోతుంది. ముందు బండి దూరాన్ని కొలిచే రాడార్ కూడా ఉన్న కార్లలో గ్రిల్ మీద వేసిన పూలదండ, నిమ్మకాయలు మిరపకాయల తోరణం రాడార్ ముందు వేలాడకుండా చూసుకోవాలి. హోండా ఎలివేట్‌లో ఒక్క కెమెరాయే ఉంటుంది, ఎక్స్‌యూవీ700లో రెండూ ఉంటాయి. మీ కారులో ఏది ఉందో తెలుసుకుంటేనే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మూడోది బోరు నీళ్లు. ఉప్పదనం ఎక్కువున్న నీళ్లతో కడిగి ఎండలో ఆరనిస్తే తెల్లటి మచ్చలు గట్టిపడతాయి. గుడ్డతో తుడిస్తే పోవు. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి, కిటికీ భాగం మీద రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంచి, మంచినీళ్లతో కడిగేయాలి. బ్లేడుతో గీకకూడదు. గీత పడితే అద్దమే మార్చాలి. వాషర్ ట్యాంకులో బట్టల సబ్బు పొడి కలిపే అలవాటు మానాలి, అది ఆరాక పొర కడుతుంది. వైపర్ రబ్బరు మన ఎండలకు ఏడాది తిరిగేసరికి గట్టిపడుతుంది. వేలితో అంచు నిమిరితే గరుకుగా తగిలినా, వర్షంలో కెమెరా ముందు ఒక్క గీత మిగిలినా మార్చేయాలి. నీళ్లు నిలవకుండా పూసే కోటింగులను కెమెరా కిటికీ మీద పూయొద్దని చాలా మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. ఆ మాట వాషింగ్ సెంటర్లకు చేరలేదు.

అద్దానికి లోపలివైపు మరో కథ. కొత్త కారులో ప్లాస్టిక్ వేడెక్కినప్పుడు వెలువడే ఆవిరి అద్దం లోపలి ముఖం మీద, కెమెరా పెట్టె లోపలి భాగంలో కూడా, సన్నటి పొగలా పేరుకుంటుంది. పెట్టె మూత తీస్తేనే అది అందుతుంది. యజమానులు ఆ మూత తీయకూడదు. లెన్సు మీద వేలు పడితే మసక పడుతుంది, కెమెరా కాస్త కదిలినా క్యాలిబ్రేషన్ పోతుంది. సర్వీసులో అడిగి, నూగు రాలని మెత్తటి గుడ్డతో అద్దం మాత్రమే తుడిపించుకోవాలి. క్లీనర్‌ను గుడ్డ మీద చల్లాలి తప్ప అద్దం మీద నేరుగా కొట్టకూడదు. లెన్సు ముందున్న, గాడులు ఉన్న నల్ల ప్లాస్టిక్ తొడుగు మెరుపు రాకుండా పెట్టింది, దానికి పాలిష్ పెట్టకూడదు. డ్యాష్‌బోర్డు మీద పరిచే వెండి రంగు షీట్లు, అద్దాల ఫ్రేముల్లోని దేవుడి పటాలు మధ్యాహ్నం వేళ అద్దంలో ప్రతిబింబించి కెమెరాను తికమకపెడతాయి. పటాన్ని గ్లవ్‌బాక్స్ పక్కకు, కెమెరా కిందినుంచి దూరంగా జరిపితే చాలు. సన్ ఫిల్మ్ విషయంలో ముందద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలని మోటారు వాహన నిబంధనలే చెబుతున్నాయి. నిబంధనకు లోబడిన ఫిల్మ్ అయినా కెమెరా ముందు భాగం కత్తిరించి వదిలేయాలి.

మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో మూడు గంటలు ఎండలో నిలిపిన కారును తీయగానే ఈ హెచ్చరిక వస్తే కంగారు పడొద్దు. అద్దానికి ఆనుకుని ఉన్న కెమెరా బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి పని ఆపేస్తుంది. ఏసీ వేసి గాలిని ముందద్దం మీదికి తిప్పితే కొన్ని నిమిషాల్లో లైటు పోతుంది. తొందరపడి కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలవచ్చు. విశాఖ తీరంలో తెల్లవారుజామున దీనికి భిన్నంగా, తేమ వల్ల లోపల మసక పడుతుంది. దానికీ గాలిని అద్దం మీదికి తిప్పే ఆ డీఫ్రాస్టే మందు.

అద్దం శుభ్రంగా ఉండి కూడా లైటు పోకపోతే బ్యాటరీ దగ్గరికి వెళ్లాలి. ఇంజిన్ ఆపి రెండు మూడు గంటలయ్యాక మంచి బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి దిగకూడదు. ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. స్టార్ట్-స్టాప్ ఉన్న కారుకు ఖర్చు తగ్గుతుందని మామూలు బ్యాటరీ వేస్తే, సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ స్టార్ట్ అయిన ప్రతిసారీ వోల్టేజి పడిపోయి కెమెరా, బ్రేకు, స్టీరింగ్ కంట్రోలర్లలో (వాటిని నడిపే చిన్న కంప్యూటర్లలో) ఒకేసారి కోడ్లు పడవచ్చు. పక్క బండి నుంచి కేబుల్‌తో స్టార్ట్ చేసిన మర్నాడు కనిపించే కోడ్లలో చాలావరకు ఇలాంటివే. వాటిని చెరిపేసి, బ్యాటరీ బాగుచేసి, మళ్లీ వస్తాయో లేదో చూడాలి.

స్కానర్ పెట్టినప్పుడు కెమెరా ఒక్కదాన్నే చదవడం పెద్ద పొరపాటు. బండిలోని అన్ని కంట్రోలర్లనూ చదవాలి. కెమెరాలో యూ0121 ఉందంటే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కంట్రోలర్‌తో మాట పోయిందని. యూ0126 అంటే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ నుంచి కబురు రావడం లేదని. ఇంజిన్ వైపు పీ0504 ఉంటే బ్రేకు పెడల్ స్విచ్‌లోని రెండు సంకేతాలూ ఒకదానితో ఒకటి కలవడం లేదని. ఈ మూడింటిలోనూ కెమెరాకు ఏమీ కాలేదు. బండి ఎంత వేగంతో పోతోందో, స్టీరింగ్ ఎటు తిరిగిందో, బ్రేకు నొక్కారో లేదో నమ్మకంగా తెలియకపోతే అది తన పని ఆపుకుంటుంది. అలా ఆపుకోవడమే సరైన ప్రవర్తన. చక్రం దగ్గరి సెన్సర్ వైరు తెగడం, బురద పట్టడం, నాలుగు టైర్లలో ఒకటి వేరే సైజుది వేయడం, అరిగిపోయిన బ్రేకు స్విచ్... కెమెరా కంటే చాలా తక్కువ ఖర్చుతో తీరే ఇలాంటివి కెమెరా హెచ్చరిక రూపంలో బయటపడతాయి. కోడుతో పాటు నమోదయ్యే అప్పటి వేగం, వోల్టేజి, ఉష్ణోగ్రత కూడా చదివి దాచుకోవాలి. ముందే కోడ్లు చెరిపేసి తర్వాత వెతకడం మొదలుపెట్టే వాళ్లు ఆధారాన్ని తామే పారేసుకుంటున్నారు.

కోడు నేరుగా కెమెరా కరెంటు గురించో, కెమెరాతో సంబంధం తెగిందనో చెబితే మొదట ఫ్యూజు, తర్వాత వైరు. కెమెరా వైర్లు డ్యాష్‌బోర్డు నుంచి ముందద్దం పక్కనుండే స్తంభం లోపలగా పైకప్పు గుడ్డ కిందికి వెళతాయి. అక్కడ మూడు శత్రువులు. బయట వేయించిన డ్యాష్‌క్యామ్ కోసం అక్కడి వైరును గీకి జాయింటు వేయడం ఒకటి. సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టం ఆకులతో పూడుకుని, నీళ్లు అదే స్తంభం వెంట కారి కనెక్టర్‌లో పచ్చటి తుప్పు పట్టడం రెండు. ఎలుకలు కొరకడం మూడు.

ఇక్కడ ఒక్క పరీక్ష గురించి వివరంగా చెప్పాలి. కనెక్టర్ విప్పి మల్టీమీటరు (వోల్టులు కొలిచేది) పెడితే 12 వోల్టులు కనిపించాయి, కాబట్టి వైరు బాగుంది, కెమెరాదే తప్పు అని తేల్చేస్తుంటారు. పది తీగల్లో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరు 12 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటే తీసుకోదు. కెమెరా కనెక్టర్ విప్పేసి, దాని ప్లస్‌కూ ఎర్త్‌కూ మధ్య ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బు తగిలించాలి. అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. బల్బు నిండుగా వెలుగుతూ, బ్యాటరీ మైనస్‌కూ కనెక్టర్ ఎర్త్‌కూ మధ్య 0.2 వోల్టు కంటే తక్కువ ఉంటే ఎర్త్ బాగున్నట్టు. బల్బు మినుకుమంటే వైరులోనే లోపం. పరీక్ష చేసేటప్పుడు లావుపాటి సూదులు గుచ్చి కనెక్టర్ లోపలి పిన్నులు వెడల్పు చేయొద్దు, అది కొత్త లోపాన్ని తెచ్చిపెడుతుంది.

కంట్రోలర్లు మాట్లాడుకునే రెండు మెలి తీగల క్యాన్ లైనును బ్యాటరీ విప్పి, కొన్ని నిమిషాలు ఆగి కొలవాలి. రెండు తీగల మధ్య 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర ఉన్న రెసిస్టరో, అక్కడికి పోయే తీగో ఊడింది. సున్నాకు దగ్గరగా వస్తే తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. కొత్త కార్లలో స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌కూ కెమెరా లైనుకూ మధ్య గేట్‌వే (లైన్లను వేరుచేసి కబుర్లు అటూ ఇటూ పంపే కంట్రోలర్) ఉంటుంది. సాకెట్ 6, 14 పిన్నుల దగ్గర మంచి రీడింగు వచ్చినంత మాత్రాన కెమెరా లైను బాగుందని అనుకోకూడదు. ఆ కారు వైరింగ్ బొమ్మ చూసి, కెమెరా ఉన్న లైనునే కొలవాలి.

అసలు బాధ ముందద్దం మార్చినప్పుడు మొదలవుతోంది. లారీ టైరు నుంచి ఎగిరిన రాయికి అద్దం పగిలితే ఇన్సూరెన్సులో మార్పించుకుంటారు. పాత అద్దం మీది కెమెరాను కొత్త అద్దం బ్రాకెట్‌లో బిగించి, లైటు వెలగలేదు కాబట్టి అంతా సరిగా ఉందని తాళాలు ఇచ్చేస్తారు. లైటు వెలగకపోవడం క్యాలిబ్రేషన్ సరిగా ఉందనడానికి రుజువు కాదు. లెక్క చూడండి. కెమెరా చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 50 మీటర్ల దూరంలో 87 సెంటీమీటర్లు, 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లు తేడా వస్తుంది. మన జాతీయ రహదారి లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంటే 100 మీటర్ల ముందు సరిగ్గా సగం లేన్ తప్పు. పక్క లేన్‌లో పోయే లారీని మన ముందున్నదనుకుని బ్రేకు వేయవచ్చు. అంతకంటే ప్రమాదం, మన ముందున్నదాన్ని పక్క లేన్‌లోదనుకుని ఊరుకోవచ్చు.

అద్దం కూడా ఆ మోడల్ కెమెరాకు తగినదే కావాలి. చవక అద్దంలో బ్రాకెట్ కోణం తేడాగా ఉన్నా, కిటికీ భాగంలో అద్దం కాస్త అలలుగా ఉన్నా క్యాలిబ్రేషన్ పూర్తి కాదు, లేదా పూర్తయినా వారానికి తప్పుతుంది. అతికించిన జిగురు తయారీదారు చెప్పిన సమయం మేరకు గట్టిపడ్డాకే క్యాలిబ్రేషన్ చేయాలి. అద్దం మార్చడం ఒక్కటే కాదు, కెమెరా విప్పినా, ముందు గుద్దుకున్నా, స్ప్రింగులు, టైరు సైజు మార్చి బండి ఎత్తు మారినా మళ్లీ చేయాల్సిందే.

స్టాటిక్ క్యాలిబ్రేషన్ అంటే బండి ఎదుట గళ్ల బోర్డు నిలబెట్టి చేసేది. దానికి ముందు వీల్ అలైన్‌మెంట్, ఆ తర్వాత స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను సున్నాకు తేవడం, ఆ తర్వాతే కెమెరా. వరుస తప్పితే, ముందు చేసిన క్యాలిబ్రేషన్ అలైన్‌మెంట్ సరిచేయగానే వృథా అవుతుంది. బోర్డు మధ్య రేఖను కొన్ని మోడళ్లలో వెనక చక్రాలు బండిని నెట్టే దిక్కును బట్టి, కొన్నింటిలో బండి నడి రేఖను బట్టి గీయాలి. బంపర్ మధ్యను చూసి ఉజ్జాయింపుగా పెట్టకూడదు. టైర్లలో గాలి డోరు స్తంభం మీది స్టిక్కర్‌లో రాసినంత ఉండాలి, డిక్కీలో సామాన్లు తీసేయాలి, లోపల మనిషి ఉండకూడదు. కొన్ని కంపెనీలు పెట్రోలు ట్యాంకు నిండుగా ఉండాలంటాయి. నేల నాలుగు చక్రాల కిందా సమంగా ఉండాలి. నడి రేఖ కావాలంటే మేస్త్రీలు వాడే తూకపు గుండుతో ముందు, వెనక లోగోల మధ్య బిందువులను నేల మీదికి దించి దారం లాగాలి. బోర్డు 1.5 మీటర్ల దూరంలో ఉంటే, ఒక్క సెంటీమీటరు పక్కకు జరిగినా 50 మీటర్ల దగ్గర 33 సెంటీమీటర్ల తప్పు అవుతుంది. దూరాలు ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటాయి, స్కానర్‌లో చూపిన అంకెనే పాటించాలి. బ్యాటరీ చార్జర్ తగిలించి ఉంచాలి.

సగంలో 'విఫలం' అని వస్తే కెమెరాను తిట్టే ముందు షెడ్డును చూడాలి. తలుపు సందులోంచి బోర్డు మీద పడే ఎండ చార, బోర్డు వెనక గోడకు ఉన్న నలుపు తెలుపు టైల్స్, పక్కన నిలిపిన మెరిసే కారు... ఎక్కువగా కారణం ఇవే.

డైనమిక్ క్యాలిబ్రేషన్ రోడ్డు మీద నడుపుతూ చేసేది. దానికి రెండు వైపులా చెరగని లేన్ గీతలు, పొడి వాతావరణం, పగటి వెలుతురు, స్కానర్ చెప్పిన వేగంలో ఆగకుండా కొంత దూరం కావాలి. హైదరాబాద్ చుట్టుపక్కల 158 కి.మీ. అవుటర్ రింగు రోడ్డు ఇందుకు అనువైనది. గీతలు చెరిగిపోయిన జిల్లా రోడ్లలో, కోతల కాలంలో ధాన్యం ఆరబోసిన రోడ్లలో అది ఎన్ని కిలోమీటర్లు తిరిగినా పూర్తి కాదు. దాన్ని కెమెరా లోపమని రాయడం అన్యాయం. స్కానర్ పట్టుకునే మనిషి వేరు, నడిపే మనిషి వేరు ఉండాలి.

లోపం కానివాటినీ చెప్పాలి. రాత్రి లైట్లు, రిఫ్లెక్టర్లు లేకుండా రోడ్డు మీద నిలిపిన వరిగడ్డి ట్రాక్టరును, అడ్డంగా వచ్చే గేదెను కెమెరా గుర్తించకపోవచ్చు. అంచు గీత చెరిగిన చోట లేన్ సహాయం ఆగిపోతుంది. బైకు ఒక్కసారిగా ముందుకు దూరితే బ్రేకు గట్టిగా పడుతుంది. మాన్యువల్‌లో ఈ పరిమితులన్నీ రాసే ఉంటాయి. వీటి కోసం కెమెరా మార్చినా తేడా రాదు.

అన్నీ చూశాక కూడా కెమెరా లోపలి కోడు మిగిలితే మార్చక తప్పదు. అప్పుడూ ఒక జాగ్రత్త. కొత్త కెమెరాకు ఆ బండి ఛాసిస్ నంబరు, వేరియంట్ వివరాలు ఎక్కించాలి. పాత సామాను దుకాణంలో దొరికేది చూడటానికి ఒకేలా ఉన్నా చాలా కార్లు దాన్ని అంగీకరించవు.

మీ పత్రిక ద్వారా కొన్ని వినతులు. ముందద్దం మార్చిన ప్రతి వర్క్‌షాపూ పనికి ముందు, తర్వాత తీసిన పూర్తి స్కాన్ రిపోర్టు, క్యాలిబ్రేషన్ విజయవంతమైనట్టు తేదీ, కిలోమీటర్లతో కూడిన ప్రింటు బిల్లుతో పాటు ఇవ్వాలి. యజమానులు అవి చేతికి అందాకే తాళాలు తీసుకోవాలి. ఇన్సూరెన్సు సర్వేయర్లు అద్దం ఎస్టిమేటులో క్యాలిబ్రేషన్‌ను వేరే వరుసగా చూపించి అంగీకరించాలి. అది అలంకారం కాదు, అద్దం బిగింపులో భాగం. యజమానులు కూడా క్లెయిము వేసే ముందే ఆ వరుస ఉందో లేదో అడగాలి. టోల్ ప్లాజాల దగ్గర ఫాస్టాగ్ అతికించే సిబ్బందికి కెమెరా కిటికీ ఎక్కడుంటుందో ఒక్క బొమ్మతో చూపించవచ్చు. ఐటీఐలు, పాలిటెక్నిక్‌ల ఆటోమొబైల్ విద్యార్థులకు ఒక బోర్డు, ఒక స్కానర్, సమతలంగా పోసిన నేల ఇచ్చి ఈ పని నేర్పాలి. రెండు రాష్ట్రాల రోడ్లు, భవనాల శాఖలు లేన్ గీతలు చెరిగిన చోట్ల వర్షాకాలం అయిపోగానే మళ్లీ వేయించాలి.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రికల్ టెక్నీషియన్,
విజయవాడ